స్థావర చౌర్యం

బేస్‌బాల్ మా జిల్లాకు చీటీలో వచ్చింది.

ప్రతి జిల్లా ఒక విశిష్ట క్రీడను దత్తత తీసుకోవాలని రాజధానిలో ఎవరికో తోచింది. జిల్లా క్రీడాధికారులందరినీ పిలిపించి, స్టీలు బిందెలో చీటీలు వేసి తీయమన్నారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు కబడ్డీ, కుస్తీ, విలువిద్య దక్కాయి. సముద్రం ఎలా ఉంటుందో తెలియని పక్క జిల్లాకు తెరచాప పడవల పందెం వచ్చింది. మా అధికారి పరాంకుశం గారి చేతికి బేస్‌బాల్ తగిలింది. ఆయన పక్క జిల్లా అధికారి మొహం ఒకసారి చూసి, తృప్తిగా తిరిగి వచ్చారు.

పరాంకుశం గారు చెడ్డవారు కారు. లంచం పుచ్చుకోరు, ఆఫీసుకు ఆలస్యంగా రారు. అయితే దేనికైనా సరే, ముందు దానికొక తెలుగు పేరు కుదిరితే తప్ప పని మొదలుపెట్టరు. కార్యకలాపాలన్నీ తెలుగులోనే జరగాలన్న ఉత్తర్వు అప్పుడే కొత్తగా వచ్చింది. ఆయన కళ్లకద్దుకున్నారు. బంతి కొనకముందే, బ్యాటు కొనకముందే, బేస్‌బాల్ పరిభాషా ఉపసంఘాన్ని వేసి, అధ్యక్షుడుగా తనను తానే నియమించుకున్నారు.

ఆ ఉపసంఘం శ్రద్ధగా పని చేసిందని ఒప్పుకోవాలి. బేస్ అంటే నిఘంటువులో మొదట కనబడిన అర్థం సైనిక స్థావరం. కాబట్టి మైదానంలో నాలుగు మూలలా పరిచే మెత్తలకు స్థావరాలు అని పేరు పెట్టారు. పరుగెత్తే అమ్మాయి ధావకురాలు. మూడు మూలలూ తిరిగి ఆమె చివరికి చేరే చోటు స్వగృహం. సేఫ్ అంటే క్షేమం. ఔట్ అయిన మనిషి బహిష్కృత. తాను ఔటై ముందున్న అమ్మాయిని ఒక మెత్త ముందుకు పంపితే అది బలి. స్టీల్ అనే మాట దగ్గర మాత్రం పూట పూటంతా వాదన జరిగింది. "ఎగబాకడం అందామండీ" అని ఒక సభ్యుడు మెల్లగా అన్నాడు. పరాంకుశం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మూలమునందు చోరీ అని స్పష్టముగా నుండగా, దానిని మనము కప్పిపుచ్చుట భాషాద్రోహము. స్థావర చౌర్యము. రాసుకోండి."

రాసుకున్నారు.

మైదానంలో ఆట నేర్పే పని జూనియర్ కాలేజీ వ్యాయామ ఉపాధ్యాయుడు ఎర్రిస్వామి మీద పడింది. ఆయన సెల్‌ఫోన్‌లో ఆటలు చూసి, తాను నేర్చుకుంటూనే పిల్లలకు నేర్పాడు. గోనె సంచుల్లో ఇసుక పోసి మెత్తలు చేశాడు. గ్రౌండులో మాత్రం బేసు, రన్ను, స్టీలు అనే మాటలే వాడాడు. అందుకే చాలా రోజులు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆయన దగ్గరికి వచ్చిన ఆడపిల్లల్లో కుళ్ళాయమ్మ ఒకతె. రాతికుంట పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం. తల్లి శెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. కుళ్ళాయమ్మకు బ్యాటు సరిగా తిరిగేది కాదు. కాళ్లు మాత్రం ఎర్రిస్వామి అంతకుముందు ఎక్కడా చూడనివి. ఎలాగోలా మొదటి బేసు చేరిందంటే, ఇక ఎదుటి జట్టుకు నిద్రపట్టదు.

ఈ ఆటలో బంతి విసిరే అమ్మాయి చెయ్యి ఎత్తి విసరబోయే క్షణంలో, బేసు మీదున్న అమ్మాయి చెప్పాపెట్టకుండా తర్వాతి బేసుకు పరుగెత్తవచ్చు. బంతి పట్టినవాళ్లు దాన్ని ఆ బేసు దగ్గరికి విసురుతారు. బంతితో ఒంటిని తాకేలోగా కాలు బేసు మీద పడితే సేఫ్, లేకపోతే ఔట్. అదే స్టీల్. ఆటలో దీనికి తప్పు పట్టేవాళ్లు లేరు, చప్పట్లు కొట్టేవాళ్లే. కుళ్ళాయమ్మ రెండో బేసుకు అలా పోయేది, మూడో బేసుకు పోయేది, ధైర్యం ఎక్కువైన రోజున స్వగృహానికి కూడా పోయేది.

రాష్ట్ర పోటీల్లో మా జిల్లాకు కప్పు రాలేదు. కానీ స్టీల్ చేయడంలో మాత్రం కుళ్ళాయమ్మే మొదటిదని తేలింది. పరాంకుశం గారు పొంగిపోయి, శాలువా కప్పి, బంగారు అంచుతో అచ్చు వేయించిన ప్రశంసాపత్రం ఇచ్చారు. స్వయంగా ఆయనే కూర్చిన వాక్యం: "కుమారి కుళ్ళాయమ్మ స్థావర చౌర్యమునందు రాష్ట్రమున అద్వితీయురాలై, పలుమార్లు స్వగృహ చౌర్యమును సైతము పట్టపగలు నిర్విఘ్నముగా నెరవేర్చి, జిల్లాకు కీర్తి సంపాదించిపెట్టినందులకు..."

కుళ్ళాయమ్మ దాన్ని చదవలేదు. ముద్ర ఉందా లేదా చూసుకుంది. క్రీడల కోటాలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, దాంతోపాటు జత చేసింది.

నడవడిక విచారణకు కాగితాలు స్థానిక ఠాణాకు వచ్చాయి. ఎస్సై తిమ్మప్ప ప్రశంసాపత్రాన్ని ఒకసారి చదివి, కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ చదివాడు. కుళ్ళాయమ్మను పిలిపించాడు. తోడుగా ఎర్రిస్వామి కూడా వచ్చాడు.

"ఇది నీదేనా?" అన్నాడు ఎస్సై.

"నాదే సార్."

"ఎవరి బలవంతం మీదైనా చేసినావా?"

"లేదు సార్. నాకిష్టమయ్యే చేసినా. మా సార్ నేర్పించినాడు."

ఎస్సై ఎర్రిస్వామి వైపు తిరిగి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఎర్రిస్వామి లేచి నిలబడ్డాడు.

"ఆటండీ సార్ అది. బేస్‌బాలు."

"ఆట అని అందరూ అంటారు. ఇప్పుడా స్థావరాలు యాడున్నాయమ్మా?"

"గ్రౌండులోనే ఉన్నాయి సార్."

"మళ్లీ తెచ్చి పెట్టినావా?"

"నేనేం ఎత్తుకపోలేదు సార్. కాలు పెట్టినానంతే."

"ఇది చూడు. స్వగృహ చౌర్యం. సొంత ఇంట్లోనే! పట్టపగలు!" ఎస్సై గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "మీ అమ్మ ఏమనలేదా?"

"మా అమ్మ చూడనేలేదు సార్. పనికి పోయుండె."

"అదే అనుకున్నా" అన్నాడు ఎస్సై.

ఎర్రిస్వామి సెల్‌ఫోన్ తీసి ఆట చూపించాడు. ఎస్సై శ్రద్ధగా చూశాడు. పిల్ల పరుగెత్తే తీరు చూసి, తనకు తెలియకుండానే ఒకసారి "అబ్బా" అన్నాడు. ఆట అర్థమైంది. కానీ ఫోన్ మూసిన తర్వాత నిట్టూర్చాడు. "సార్, నాకు అర్థమైంది. నాకు అర్థమైందని పైవాళ్లకు రాయలేను కదా. ఒక ప్రభుత్వ అధికారి ముద్ర వేసి, ఈ పిల్ల దొంగతనంలో రాష్ట్రానికే మొదటిదని రాసిచ్చినాడు. దొంగ కాదని రాస్తే ఆయన అబద్ధం చెప్పినట్టు. దొంగ అని రాస్తే పోలీసు ఉద్యోగం యాడిస్తారు? ఆయన్నే ఆ మాట మార్పించుకుని రండి."

బయటికి వచ్చాక కుళ్ళాయమ్మ ఆయన కంటే ముందు నడిచింది. బస్టాండు దగ్గర ఆగి, "సార్, నేను దొంగనని మా ఊర్లో తెలిస్తే ఎట్ల?" అంది. ఆ పిల్ల ఏడవకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో ఎర్రిస్వామికి కనబడుతూనే ఉంది.

మర్నాడు ఆయన పరాంకుశం గారి ముందు నిలబడ్డాడు. అంతా విని పరాంకుశం గారు నిజంగానే కలత చెందారు.

"ఒక క్రీడాకారిణికి అన్యాయము జరుగుటను ఈ కార్యాలయము సహింపజాలదు."

"అయితే ఆ మాట మార్చేయండి సార్. స్టీలు అని రాయండి, చాలు."

"పదము మార్చుటకు వీలు లేదు. అది రాజపత్రములో ప్రకటితమైనది. పదమును మార్చవలెనన్న ఉపసంఘమును పునర్నియమింపవలెను, దానికి ప్రభుత్వ అనుమతి కావలెను." కొంతసేపు పైకప్పు చూశారు. హఠాత్తుగా ఆయన మొహం వెలిగింది. "పదమును మార్చలేము. కాని చౌర్యమునే రద్దు చేయవచ్చును కదా!"

వారంలో సర్క్యులర్ వచ్చింది. జిల్లాలో స్థావర చౌర్యం, ఆట ప్రవేశించిన నాటి నుండి వర్తించేలా, నిషిద్ధం. బంతి కొట్టకుండానే తర్వాతి స్థావరానికి పోదలచిన ధావకురాలు కారణం తెలుపుతూ దరఖాస్తు చేసుకోవాలి. దాని మీద ఎదుటి జట్టు నాయకురాలి అభ్యంతరాలు స్వీకరించాలి. అనుమతి లేకుండా స్థావరం విడిచిన వారిని వెంటనే మైదానం నుంచి పంపివేయాలి.

ఎర్రిస్వామి దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే ఎవరైనా నమ్ముతారేమోనని భయం వేసింది.

ఒక అంశం రద్దయిందని తెలిసేసరికి మిగతా మాటల మీద కూడా అందరి కళ్లూ పడ్డాయి. బలి అనే మాట చూసి జీవకారుణ్య సంఘం వాళ్లు వినతిపత్రం తెచ్చారు. బలిని రద్దు చేశారు. బంతితో ధావకురాలిని స్పృశించడం మర్యాద కాదని ఒక మహిళా సంఘం రాసింది. బంతిని దూరం నుంచి చూపించి నమస్కారం పెడితే సరిపోతుందని సవరించారు. చివరికి ఒక న్యాయవాది నోటీసు ఇచ్చాడు: మనుషుల్ని బహిష్కరించడం నేరం, అటువంటిది జిల్లా యంత్రాంగమే ఆడపిల్లల్ని వరుసగా బహిష్కృతలుగా ప్రకటించడమేమిటని. పరాంకుశం గారు రెండు రోజులు భోజనం చేయలేదు. మూడో రోజు బహిష్కరణను కూడా రద్దు చేశారు.

"అంటే ఎవరూ ఔటు కారా సార్?" అన్నాడు ఎర్రిస్వామి.

"ఎవరును కారు. అందరును క్షేమమే."

"మూడు ఔట్లయితేనే కదా సార్, ఒక జట్టు వంతు అయిపోయేది? ఎవరూ ఔటు కాకుంటే ఆట ఎట్ల అయిపోతుంది?"

పరాంకుశం గారు ఆయన్ను జాలిగా చూశారు. "ఎర్రిస్వామీ, ప్రారంభించకముందే ముగింపును గూర్చి ఆలోచించుట నిరాశావాదము."

సంస్కరించిన ఆటను చూడడానికి మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. మైదానానికి సున్నం గీతలు గీశారు, షామియానా వేశారు, పక్క జిల్లా జట్టును పిలిపించారు. పడవలు నడపడానికి నీళ్లు లేక ఖాళీగా ఉన్న పిల్లలు వాళ్లు. మొదటి బేసు పక్కన ఒక బల్ల, బల్ల మీద ముద్రలు, బల్ల వెనక దరఖాస్తులు స్వీకరించే గుమాస్తా. ఆట పొద్దున్నే మొదలైంది. మా జిల్లా పిల్లలు ముందు బ్యాటు పట్టారు.

బంతిని గాలిలో పట్టుకున్నా ఎవరూ ఔట్ కాలేదు. మూడుసార్లు బ్యాటు గాలిలోకి ఊపినా కాలేదు. ఎదుటి పిల్లలు బంతి చూపించి నమస్కారం పెడుతుంటే, మా పిల్లలు తిరిగి నమస్కారం పెట్టి ముందుకు సాగారు. పరుగులు రాసే బోర్డులో అంకెలకు చోటు చాలలేదు. చప్పట్లు మొదట జోరుగా మోగాయి, తర్వాత పలచబడ్డాయి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆగిపోయాయి. పక్క జిల్లా పిల్లల్లో ఒకతె కళ్లు తిరిగి కూలబడింది. బంతి విసిరే అమ్మాయి చెయ్యి ఎత్తలేక నేల మీద దొర్లించడం మొదలుపెట్టింది. బ్యాటు పట్టుకున్న మా అమ్మాయి దాన్ని చూడడం కూడా మానేసింది.

షామియానాలో మంత్రిగారు ఒకసారి వాచీ చూసుకున్నారు. కప్పు ఇవ్వకుండా లేవకూడదు. ఆట అయితే తప్ప కప్పు ఇవ్వకూడదు. వెనక డేరాలోంచి బిరియానీ వాసన వచ్చి అందరినీ పలకరించి పోతోంది.

"ఏమయ్యా, ఇది ఎప్పుడైపోతుంది?" అన్నారు మంత్రిగారు.

పరాంకుశం గారు చేతులు కట్టుకున్నారు. "నియమావళి ననుసరించి... ముగియదండీ."

కుళ్ళాయమ్మ అప్పుడు మూడో బేసు మీద ఉంది. స్వగృహానికి పోవడానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు బల్ల మీద ఉంది. దాని మీద అభ్యంతరం చెప్పవలసిన ఎదుటి నాయకురాలు నీడలో పడుకుని ఉంది. ఎండకు కాళ్ల కింద ఇసుక సంచి కాలుతోంది. కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయి మొహాన ఎవరో నీళ్లు చల్లుతున్నారు. అది చూసి కుళ్ళాయమ్మకు ఒళ్లు మండింది. ఉద్యోగం, నడవడిక, ఎస్సై, అన్నీ ఒక్క క్షణం పక్కకు పోయాయి. బంతి విసిరే అమ్మాయి భుజం కదిలింది. కుళ్ళాయమ్మ పరుగెత్తింది.

ఆ పరుగు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిద్రమొహాలతో ఉన్న జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆమె నేల మీద పడి జారుతూ వచ్చి, చెయ్యి చాపి స్వగృహాన్ని ముట్టుకుంది.

అంపైరు సేఫ్ అనబోయి, సర్క్యులర్ గుర్తొచ్చి, చేతులు గాలిలోనే ఆపాడు. తర్వాత సర్క్యులర్ తీసి చదివాడు. అనుమతి లేకుండా స్థావరం విడిచినవారిని మైదానం నుంచి పంపివేయాలి. "అమ్మా, నువ్వు పోవాలి" అన్నాడు. అని, ఉలిక్కిపడ్డాడు. పరుగున షామియానా దగ్గరికి వచ్చి పరాంకుశం గారి చెవిలో చెప్పాడు: పొద్దున్నుంచి మైదానం వదిలి పోయిన మొదటి మనిషి ఈ అమ్మాయేనని, ఇలాగే ఇంకో ఇద్దరు పోతే వీళ్ల వంతు అయిపోయినట్టు రాసుకోవచ్చునని.

పరాంకుశం గారు బిరియానీ డేరా వైపు చూశారు. మంత్రిగారి వైపు చూశారు. ఎర్రిస్వామి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "తక్షణమే ఇంకొక ఇద్దరు చౌర్యమునకు పాల్పడవలసిన ఆవశ్యకత యున్నది."

"నిషిద్ధం కదా సార్?"

"ఎర్రిస్వామీ! సమయము కాదిది!"

ఇంకో ఇద్దరు పరుగెత్తారు. వాళ్లనూ పంపివేశారు. ఇప్పుడు పక్క జిల్లా పిల్లల వంతు. వాళ్లకు స్టీల్ చేయడం రాదు, ఎవరూ నేర్పలేదు. గీత అవతల కూర్చున్న కుళ్ళాయమ్మే లేచి, "మ్మే, ఆ పాప భుజం చూడు, కాలు చూడొద్దు! ఇప్పుడు పో!" అని కేకలు వేసి నేర్పించింది. మొదటి బేసు దగ్గర సాక్షాత్తు పరాంకుశం గారే నిలబడి, కండువా ఊపుతూ, "పరుగెత్తమ్మా, పరుగెత్తు! అనుమతి తర్వాత చూసుకుందాం!" అని అరిచారు. సర్వీసులో ఆయన నోట మామూలు తెలుగు వినబడింది అదే మొదటిసారి.

ముగ్గురూ పోయేసరికి, అంపైరు తొమ్మిది వంతుల ఆటను ఒక్క వంతుకే ముగించి ఈల వేశాడు. జనం గంతులు వేశారు. మంత్రిగారు కూడా ఉత్సాహంగా చప్పట్లు కొట్టి, "చివర్లో చాలా బాగుందయ్యా. ఆ పరుగును ఏమంటారు?" అని అడిగారు.

"స్వచ్ఛంద పురోగమనము అందురండీ" అన్నారు పరాంకుశం గారు చెమట తుడుచుకుంటూ.

మంత్రిగారు కప్పు ఇచ్చి భోజనానికి వెళ్లారు. సాయంత్రం లోపలే ఉత్తర్వు తయారైంది: మంత్రివర్యుల సమక్షంలో నిషేధాన్ని ఉల్లంఘించిన వారిలో ప్రథమురాలైన కుమారి కుళ్ళాయమ్మ మూడేళ్లపాటు జిల్లా జట్టులో ఆడరాదు. ఆ మాట చెప్పడానికి ఎర్రిస్వామి రాతికుంట దాకా వెళ్లాడు. కుళ్ళాయమ్మ విని, "కళ్లు తిరిగి పడిపోయిన పాపకు ఎట్లుందంట సార్?" అని మాత్రం అడిగింది.

ఇక ఉద్యోగం సంగతి. ఎస్సై తిమ్మప్ప మంచి మనసుతో పరాంకుశం గారికి రాశాడు, ఈ చౌర్యం ఏమిటో వివరించమని. జవాబు వచ్చింది: "ఈ జిల్లాలో స్థావర చౌర్యమనునది లేదు, ఇదివరకును లేదు." ఎస్సై సంతోషించి, జరగని దొంగతనం మీద విచారణ అక్కరలేదని, పిల్ల నడవడిక మంచిదని రాసి పంపాడు. ఆ రెండు కాగితాలూ ఉద్యోగాలిచ్చే చోటికి చేరాయి. వాళ్లు పరాంకుశం గారి జవాబునూ, అంతకుముందు ఆయనే ఇచ్చిన ప్రశంసాపత్రాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు. జిల్లాలో లేని అంశంలో అభ్యర్థిని రాష్ట్రంలో మొదటి స్థానం ఎలా పొందిందో తెలియనందున, క్రీడల కోటా తిరస్కరించడమైనదని, కావాలంటే అందరితోపాటు సాధారణ అభ్యర్థిగా హాజరు కావచ్చునని తెలియజేశారు.

ఎర్రిస్వామికి ఆ రోజు కోపం ఆగలేదు. "ఆయన ఆఫీసు ముందర కూర్చుంటా పాపా. ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేదాకా లేవను" అన్నాడు.

"వద్దులే సార్. అది పోతే నా కాళ్లు యాడికన్నా పోతాయా?" అంది కుళ్ళాయమ్మ. ఎర్రిస్వామి ఆ రోజు నుంచి ఆమెను చెరువుకట్ట మీద దూరం పరుగులు తీయించడం మొదలుపెట్టాడు. వంకర టింకర ఆట మానేసి తిన్నగా పరుగెత్తడం ఆమెకు మొదట విసుగనిపించింది. తర్వాత అలవాటైంది.

దేహదారుఢ్య పరీక్ష రోజున పోలీసు మైదానంలో వందలమంది ఆడపిల్లలు. ఈల వేశారు. అక్కడ స్థావరాలు లేవు, బల్లలు లేవు, ఎవరి అభ్యంతరమూ స్వీకరించలేదు. కుళ్ళాయమ్మ అందరికంటే ముందు గీత దాటి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి వంగి ఊపిరి తీసుకుంటోంది. పేర్లు రాసుకునే అధికారి దగ్గరికి వచ్చాడు.

"పేరు?"

"కుళ్ళాయమ్మ సార్."

"ఏ కోటా?"

ఆమె నడుము నిటారు చేసి, చెమట తుడుచుకుంది.

"కోటా ఏం లేదు సార్. పరిగెత్తినా."